జీవవైవిధ్య చట్టం ముసాయిదాపై ఊరి నుంచి అభ్యంతరాలు, సలహాలు పంపడం ఎలా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది చంద్రగిరి వైపు అడవి అంచు పంచాయతీ. నేను ఊరి జీవవనరుల రక్షణ చూసే జీవవైవిధ్య యాజమాన్య కమిటీలో సభ్యుణ్ణి. జీవవైవిధ్య రక్షణకు కొత్త చట్టమనో, సవరణ అనో, నియమాలనో ముసాయిదా పెట్టి ప్రజల అభిప్రాయం అడుగుతుంటారు. ఏం రాయాలి? ఎవరికి పంపాలి? తెలుగులో రాస్తే చెల్లుతుందా? అసలు ఎవరైనా చదువుతారా?"

చివరి దానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. చదువుతారు. అయితే ఉత్తరంలా చదవరు. వచ్చిన అభిప్రాయాలన్నింటినీ క్లాజుల వారీగా (క్లాజు అంటే ముసాయిదాలో నంబరు వేసిన ఒక్కో అంశం) విడగొట్టి పట్టిక వేస్తారు: ఏ క్లాజు, ఎవరు ఏమన్నారు, శాఖ ఏమంటుంది. క్లాజు నంబరు లేకుండా "ఈ చట్టం మా బతుకుల మీద కొడుతుంది, వెనక్కి తీసుకోండి" అని నాలుగు పేజీలు రాస్తే ఆ పట్టికలో దానికి చోటు దొరకదు. "సాధారణ వ్యతిరేకత" అనే ఒక్క వరుసలోకి వెళ్లిపోతుంది.

2021 సవరణ బిల్లు కథ చూస్తే ఏది కదులుతుందో, ఏది కదలదో తెలుస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టాన్ని సవరించే ఆ బిల్లు 2021 డిసెంబరు 16న లోక్‌సభలోకి వచ్చింది. సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. కమిటీ 2022 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. 2023 ఆగస్టులో చట్టమై, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లులో "క్రోడీకృత సంప్రదాయ జ్ఞానం" వాడుకునేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు కానీ ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. దాన్ని అలాగే వదిలేస్తే నాటువైద్యం మొత్తాన్ని అందులో కలిపేసి, ఆ జ్ఞానంతో, అడవి సరుకుతో వ్యాపారం చేసేవాళ్ల నుంచి ఊళ్లకు రావాల్సిన లాభంలో వాటా ఎగ్గొట్టొచ్చని విమర్శ వచ్చింది. చట్టమయ్యేసరికి నిర్వచనం చేరింది: 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రామాణిక గ్రంథాల నుంచి వచ్చిన జ్ఞానం మాత్రమే. అదే బిల్లులో జైలుశిక్ష తీసేసి లక్ష నుంచి 50 లక్షల దాకా జరిమానా పెట్టడాన్ని చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. అది మాత్రం కదల్లేదు. శిక్షలు ఉండాలా వద్దా అన్నది క్యాబినెట్ ముందే తేల్చుకున్న విధానం. నిర్వచనం లేకపోవడం డ్రాఫ్టింగ్ లోపం. లోపాన్ని చూపించి, దిద్దే వాక్యం కూడా చేతికిస్తే తీసుకోవడానికి అధికారికి అడ్డేమీ ఉండదు. విధానాన్ని వ్యతిరేకించవద్దని కాదు, అది మీ హక్కు. కానీ మీ బలమంతా అక్కడే పెట్టకండి.

ఇక మీ చేతికొచ్చిన కాగితం ఏ దశలోదో మొదట తేల్చుకోండి. మూడు రకాలుంటాయి, ఒక్కోదానికి దారి వేరు.

శాఖ తన వెబ్‌సైటులో పెట్టే బిల్లు ముసాయిదా ఒకటి. 2014లో కేంద్రం తెచ్చిన ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం దాన్ని కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. చట్టం ఎందుకు, ముఖ్యాంశాలేమిటి, ఖర్చెంత, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద, జనం జీవనోపాధి మీద ప్రభావమేమిటన్నది మామూలు భాషలో వివరించే నోటు కూడా పెట్టాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తర్వాత వెబ్‌సైటులో పెట్టాలి. అయితే ఇది విధానమే, చట్టం కాదు. సంప్రదింపులు కుదరవనుకుంటే శాఖ ఆ కారణాన్ని క్యాబినెట్ నోట్‌లో రాసి వదిలేయొచ్చు. అందుకే "30 రోజులు ఇవ్వలేదు కాబట్టి చెల్లదు" అనే వాదన ఒక్కదాన్నే నమ్ముకోకండి.

రెండోది, సభలో ప్రవేశపెట్టాక పార్లమెంటు కమిటీ పిలిచే వినతిపత్రాలు. ఇక్కడ మీరు రాసేది శాఖకు కాదు, కమిటీకి. ప్రకటనలో సాధారణంగా రెండు ప్రతులు, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ అడుగుతారు. కమిటీ ముందుకొచ్చి స్వయంగా చెప్పాలనుకుంటే ఆ మాట వినతిపత్రంలోనే రాయాలి, తర్వాత అడిగితే దారి ఉండకపోవచ్చు. ఇచ్చిన పత్రం కమిటీ ఆస్తి అవుతుంది. నివేదిక సభ ముందుకు రాకముందే దాన్ని పేపరువాళ్లకు ఇవ్వడం, వాట్సాప్‌లో తిప్పడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. ఊళ్లల్లో ఈ సంగతి తెలియక పంపిన రోజే ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టేస్తారు.

మూడోది, గెజిట్‌లో వచ్చే ముసాయిదా నియమాలు, నోటిఫికేషన్లు. నిజానికి ఊరికి ఎక్కువ తగిలేది ఇదే. చట్టంలో "నిర్దేశించిన విధంగా" అని వదిలేసినవన్నీ ఇక్కడ నిండుతాయి: ఫారాలు, ఫీజులు, గడువులు, ఎవరి సంతకం కావాలి అన్నవి. ముందుగా ప్రచురించి తీరాలని మూలచట్టం చెప్పిన చోట 1897 జనరల్ క్లాజెస్ చట్టం 23వ విభాగం వర్తిస్తుంది. అంటే గడువులోపు వచ్చిన అభ్యంతరాలను పరిశీలించడం చట్టపరమైన బాధ్యత. అభయారణ్యం చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ముసాయిదాలకు 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల కింద 60 రోజులుంటాయి. కౌండిన్య అభయారణ్యం అంచున పలమనేరు, కుప్పం వైపు వాళ్లు, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు అంచున మీ వైపు వాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది.

క్వారీకో ఫ్యాక్టరీకో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభ వీటిలో ఏదీ కాదు. అది 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ఒక్క ప్రాజెక్టు గురించి జరిగేది. అక్కడ లేచి చట్టం గురించి ఎంత బాగా మాట్లాడినా అది చట్టం ఫైలులోకి వెళ్లదు. అలాగే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి "మా అభ్యంతరం నమోదైంది" అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ అర్జీ జిల్లా అటవీ అధికారికి వెళుతుంది, ఆయన "ఇది మా పరిధిలోది కాదు" అని మూసేస్తారు. ముసాయిదాలో ఏ చిరునామా, ఏ ఈమెయిల్ ఇచ్చారో దానికే పంపాలి. కలెక్టరుకు కావాలంటే నకలు ఇవ్వండి.

గడువు లెక్క దగ్గర జాగ్రత్త. గెజిట్ ముసాయిదాల్లో "ఈ నోటిఫికేషన్ ఉన్న గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి" అని ఉంటుంది. గెజిట్ మీద అచ్చయిన తేదీకీ వెబ్‌సైటులో కనబడిన తేదీకీ తేడా రావచ్చు. మీరు మాత్రం ముందున్న తేదీనే పట్టుకుని లెక్కేయండి. గడువు పెంచమని అడగాలంటే మొదటి పది రోజుల్లోపే, ఒక్క పేజీలో, విడిగా అడగండి. కారణం సూటిగా ఉండాలి: తెలుగు ప్రతి పెట్టలేదు, గ్రామసభ ఫలానా తేదీన ఉంది, ఇలా. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా విషయంలో ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పెంచి, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఆదేశించింది. ఆ సంగతి ఒక వాక్యంగా చేర్చవచ్చు. అయితే ఈ విన్నపాన్ని అసలు అభ్యంతరాల పత్రంలో కలపకండి. కలిపితే "గడువు పెంచమన్నారు" అని ఒక్క ముక్క రాసుకుని మిగతాది పక్కన పెట్టే ప్రమాదముంది.

ఇప్పుడు చదవడం. మొదటి పేజీ నుంచి చివరి దాకా వరుసగా చదివితే సగంలో అలసిపోతారు. ముందు నిర్వచనాలు, తర్వాత మినహాయింపులు, ఆ తర్వాత "నిర్దేశించిన" అనే మాట వచ్చిన ప్రతిచోటూ పెన్సిలుతో గీయండి. ఉద్దేశాలు, ఉపోద్ఘాతం ఎంత అందంగా ఉన్నా వాటితో మనకు పనిలేదు. రక్షణ అంతా నిర్వచనంలో మొదలై మినహాయింపులో కారిపోతుంది.

మన జిల్లాల సరుకు పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. చట్టంలో "జీవవనరు" అన్న నిర్వచనంలో మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు, వాటి జన్యుపదార్థం, ఇప్పుడు ఉత్పన్నాలు కూడా ఉన్నాయి. "విలువ జోడించిన ఉత్పత్తులు" బయట ఉన్నాయి. మొక్క భాగం గుర్తుపట్టలేనంతగా, విడదీయలేనంతగా కలిసిపోతేనే అది విలువ జోడించిన ఉత్పత్తి. ఎర్రచందనం దుంగ జీవవనరే, అందులో అనుమానం లేదు. మరి దాని పొడి? దాన్నుంచి తీసిన రంగు? సుగంధిపాల వేరు జీవవనరు, సీసాలోని నన్నారి షర్బత్తు? తయారీదారుడు వేరు కొన్న చోటే వాటా కట్టాలా, సీసా అమ్మిన చోటా? కొత్త ముసాయిదాలో ఈ గీత ఎటు జరిగిందో చూడాలి. ఒక్క మాట జరిగితే ఊరి కమిటీకి రావాల్సింది వస్తుంది లేదా ఆగిపోతుంది.

ఎర్రచందనం సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఈ చెట్టు సహజంగా పెరిగేది మన శేషాచలం, వెలికొండ, పాలకొండల చుట్టుపక్కలే. అడవిలోదే కాదు, పట్టా భూమిలో నాటిన రైతులూ ఉన్నారు. లాభంలో వాటా మీద 2014లో వచ్చిన మార్గదర్శకాల్లో గంధం, ఎర్రచందనం లాంటి అధిక విలువ సరుకుకు వేలం మొత్తంలో 5 శాతానికి తగ్గకుండా వాటా అని ప్రత్యేకంగా రాశారు. మిగతా వాటికి ఫ్యాక్టరీ ధర మీద 0.1 నుంచి 0.5 శాతం. 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు వచ్చి పాత మార్గదర్శకాల స్థానం తీసుకున్నాయి. మామూలు సరుకు విషయంలో ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటని సంస్థలకు వాటా కట్టే పని లేదన్నది అందులో ఉంది. మన దగ్గర మూలికలు కొనే చిన్న వ్యాపారులు చాలామంది ఆ గీత కిందే ఉంటారు. వాళ్ల దగ్గర ఒక్కొక్కరిది కొంచెమే, అందరిదీ కలిపితే అడవి మీద పడే భారం మాత్రం కొంచెం కాదు. ఇలాంటి చోట "మినహాయింపు తీసేయండి" అంటే వినరు. "వాటా మినహాయించినా, ఎక్కడ ఎంత కొన్నారో ఊరి కమిటీకి లెక్క చెప్పే బాధ్యత మినహాయించకండి" అంటే వినే అవకాశం ఎక్కువ.

సాగుచేసిన ఔషధ మొక్కలకు ఇప్పుడు మినహాయింపు ఉంది. దానికి సరుకు ఎక్కడ పండిందో చెప్పే మూల ధ్రువపత్రం (సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్) ఊరి జీవవైవిధ్య కమిటీ నుంచే రావాలి. చూడడానికి చిన్న కాగితమే, దొంగసరుకును తోట సరుకుగా మార్చే తలుపు కూడా అదే. అడవిలో తవ్విన వేరుకు "మా తోటలోది" అని ధ్రువపత్రం పుట్టకుండా ఏం చేస్తారు? సర్వే నంబరు, నాటిన సంవత్సరం, ఎకరాకు మొక్కలు, అంచనా దిగుబడి రాయాలా వద్దా? ధ్రువపత్రం ఇచ్చిన పరిమాణం దాటి అమ్మితే ఎవరు పట్టుకుంటారు? నియమాల ముసాయిదాలో ఈ గళ్లు లేకపోతే పెట్టమని రాయండి. ఇది మీ కమిటీ నెత్తిమీద పడే పని కాబట్టి మీ మాటకు బరువుంటుంది.

పశువుల సంగతి చాలామంది మరిచిపోతారు. జీవవైవిధ్య చట్టం 41వ విభాగం ప్రకారం ఊరి కమిటీ పనిలో నాటు పంట రకాలు, పశుజాతులు కూడా ఉన్నాయి. పుంగనూరు ఆవు వీర్యం, పిండాలు జన్యుపదార్థమే. పెంపకందారుడికి మినహాయింపు ఉండాలి, జన్యుపదార్థాన్ని బయటికి తరలించే సంస్థకు ఉండకూడదు. ముసాయిదాలో "సాగుదారులు, పెంపకందారులు" అనే మాటకు హద్దు గీశారో లేదో చూడండి.

రాసే పద్ధతికి వద్దాం. ఒక్కో క్లాజుకు ఒక్కో పేరా, ఆ పేరాలో నాలుగే ముక్కలు: క్లాజు నంబరు, ఉన్న మాటలు, ఇబ్బంది ఏమిటో స్థానిక ఆధారంతో, బదులుగా ఉండాల్సిన మాటలు. ఇప్పుడున్న చట్టంలోని 41(2) మీదే నమూనా రాసి చూపిస్తాను:

"విభాగం 41(2): జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్ర జీవవైవిధ్య బోర్డు ఒక కమిటీ పరిధిలోని జీవవనరుల వాడకంపై నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ కమిటీని సంప్రదించాలని ఈ విభాగం చెబుతోంది. ఏ భాషలో, ఎన్ని రోజుల్లో, ఏ వివరాలతో సంప్రదించాలో విభాగంలో లేదు. మా పంచాయతీ పరిధిలో వేరు సేకరణ మీద ఆధారపడినవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు చదవలేరు. వనరు పేరు, పరిమాణం, సేకరణ స్థలం తెలియకుండా ఊరు అభిప్రాయం చెప్పడం కుదరదు. అందువల్ల చివర ఈ వాక్యం చేర్చాలి: 'ఈ సంప్రదింపు రాష్ట్ర అధికార భాషలో, వనరు పేరు, పరిమాణం, సేకరణ స్థలం, కాలం తెలిపే నోటీసు ద్వారా జరగాలి, అభిప్రాయం చెప్పేందుకు నోటీసు అందిన తేదీ నుంచి కనీసం 45 రోజులు ఇవ్వాలి, కమిటీ అభిప్రాయంతో విభేదిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపాలి.'"

ఇంతే. ఆవేశం లేదు, విశేషణాలు లేవు, దిద్దే వాక్యం సిద్ధంగా ఉంది. ఇలాంటివి అయిదారు చాలు. ఇరవై క్లాజుల మీద రాస్తే ఏది ముఖ్యమో వాళ్లు నిర్ణయిస్తారు, మీరు కాదు.

ఆధారం అన్నాను కదా, అక్కడే ఎక్కువ పత్రాలు కుంటుతాయి. "ఎప్పట్నుంచో సేకరిస్తున్నాం" అన్నది ఆధారం కాదు. ఏ నెలల్లో తవ్వుతారు, ఒక కుటుంబం వారానికి ఎన్ని కిలోలు, పచ్చివా ఎండువా, ఏ సంతలో ఏ ధరకు, కొనేవాడు ఎక్కడివాడు అన్నవి రాసుకోండి. పచ్చి బరువు, ఎండు బరువు కలిపేస్తే లెక్కంతా పాడవుతుంది, ఎండితే వేరు చాలా తగ్గిపోతుంది. మొక్క పేరుకు పక్కన శాస్త్రీయ నామం తప్పనిసరి. మన వైపు నన్నారి పేరు మీద హెమిడెస్మస్ ఇండికస్ వేరూ అమ్ముతారు, డెకాలెపిస్ హామిల్టోని గడ్డలూ అమ్ముతారు. రెండో దానికి గడ్డ తీస్తే మొక్కే పోతుంది కాబట్టి రక్షణ అవసరం వేరు. పేరు తేలకపోతే శాఖ "ఆ మొక్క సమృద్ధిగా ఉంది" అని ఒక్క వాక్యంలో జవాబిచ్చేస్తుంది. ఎస్వీ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికి కొమ్మ, ఆకు, పువ్వు ఉన్న నమూనా తీసుకెళ్లి పేరు అడిగి తెలుసుకోవచ్చు. రక్షిత జాతి అయితే నమూనా తుంచకండి, ఫొటోలు చాలు.

మీ దగ్గరున్న ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (ఊరి మొక్కలు, జంతువులు, వాటి వాడుకలు రాసిపెట్టే పుస్తకం) నుంచి సంబంధించిన పేజీలు జతచేయండి. జతచేసే ముందు ఒకసారి చదవండి. పక్క పంచాయతీ రిజిస్టరుతో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నా, మీ కొండల్లో లేని మొక్కలు కనబడుతున్నా దాన్ని పంపకండి, మొత్తం పత్రం నమ్మకం పోతుంది. ఇంకో మాట: కమిటీలో ఎవరెవరున్నారో సభ్యులకే తెలియని ఊళ్లున్నాయి. సవరించిన చట్టం ప్రకారం సభ్యుల సంఖ్య 7కు తగ్గకూడదు, 11 దాటకూడదు. ముందు పంచాయతీ కార్యదర్శి దగ్గర నియామకపు తీర్మానం నకలు తీసుకోండి. లేకపోతే "మీరు కమిటీ అని రుజువేది" అనే ప్రశ్నకే ఆగిపోతారు.

చట్టాల్లో మనకు ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది కూడా తెలిసి రాయాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం లేదు. కాబట్టి అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం, దాని గ్రామసభ అధికారాలు ఇక్కడ వర్తించవు. మన్యం వాళ్లు రాసిన నమూనా పత్రాన్ని పేర్లు మార్చి పంపితే మొదటి పేరాలోనే తేలిపోతుంది. అటవీ హక్కుల చట్టం 2006 మాత్రం మనకు వర్తిస్తుంది. అందులో 3(1)(కె) ప్రకారం జీవవైవిధ్యం అందుబాటు హక్కు, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధోసంపత్తి హక్కు ఉన్నాయి. యానాది కుటుంబాల తరఫున రాసేటప్పుడు ఇది తప్పక పెట్టండి.

మీ పరిసరాల్లో జీవవైవిధ్య వారసత్వ స్థలం ప్రకటించే ప్రతిపాదన వస్తే అది జీవవైవిధ్య చట్టం 37వ విభాగం కింద, స్థానిక సంస్థలను సంప్రదించి చేయాల్సింది. "భూములు పోతాయి" అన్న పుకారు ముందు వస్తుంది. స్థానికులు తమంతట తాము ఒప్పుకున్నవి తప్ప వాళ్ల వాడుకల మీద ఆంక్షలు ఉండకూడదని జాతీయ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరైనా ఆర్థికంగా నష్టపోతే పరిహార పథకం పెట్టాలని 37(3) చెబుతోంది. అభ్యంతరం కంటే ఇక్కడ షరతులు రాయడం లాభం: మేత దారి, కుంట నీళ్లు, గుడికి వెళ్లే బాట, ఎండుకట్టె. ఒక్కొక్కటి పేరుపెట్టి తీర్మానంలో ఎక్కించండి.

రాయకూడనివి రెండున్నాయి. అరుదైన మొక్క, జంతువు ఉన్న కచ్చితమైన చోటు రాయకండి. శేషాచలం చుట్టుపక్కలకే పరిమితమైన సైకస్ బెడ్డోమి అనే మొక్క గానీ, దేవాంగపిల్లి గానీ, బంగారు బల్లి గానీ ఏ రాయి దగ్గరుందో మీ పత్రంలో ఉంటే, రేపు సమాచార హక్కు కింద ఎవరైనా తీసుకోవచ్చు. "ఫలానా రిజర్వు ఫారెస్టు" దాకా చాలు. అలాగే నాటువైద్యుడి మందు కూర్పు, పాళ్లు రాయకండి. ఆ మొక్కకు వైద్యంలో వాడుక ఉందని, అది ఎవరి కుటుంబ జ్ఞానమో చెబితే సరిపోతుంది. పాళ్లతో సహా బహిరంగం చేశాక దానిమీద వాటా అడగడం కష్టం.

ఒకే పత్రానికి అయిదువందల సంతకాలా, అయిదువందల పోస్టుకార్డులా అని అడుగుతుంటారు. రెండూ దాదాపు ఒకటే, ఒకే మాట ఒకే అభిప్రాయంగా లెక్కకొస్తుంది. దాని బదులు వేర్వేరు జీవనాల వాళ్లు ఏడెనిమిదిమంది తలా ఒక పేజీ రాయడం మేలు. వేర్లు తవ్వే ఆడమనిషి, గొర్రెల కాపరి, ఎర్రచందనం నాటిన రైతు, నాటువైద్యుడు, మూలికల చిల్లర వ్యాపారి. వీళ్ల మాటలు ఒకదానితో ఒకటి కొంచెం గొడవపడినా పర్వాలేదు. రైతుకు మినహాయింపు కావాలి, కాపరికి ఆంక్ష వద్దు, వైద్యుడికి అడవి మిగలాలి. నిజం పత్రం అలాగే ఉంటుంది. వీటితో పాటు గ్రామసభ తీర్మానం ఒకటి. తీర్మానం నంబరు, తేదీ, పుస్తకంలో పేజీ, హాజరైనవారి సంతకాలు లేదా వేలిముద్రలు, కార్యదర్శి ముద్ర అన్నీ ఉండాలి. తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని తర్వాత టైపు చేయించే అలవాటు మానేయండి, సవాలు చేస్తే నిలవదు.

భాష గురించి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టనివారణ కోరే వినతిని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. కాబట్టి తెలుగులో రాయడం మీ హక్కే. అయితే ఢిల్లీలో పట్టిక వేసేవాళ్లకు తెలుగు రాదు. అసలు పత్రం తెలుగులో పెట్టి, పైన ఒకటి రెండు పేజీల ఇంగ్లీషు సారాంశం పెట్టండి. అందులో క్లాజు నంబరు, ప్రతిపాదించే వాక్యం తప్పక ఉండాలి. కాలేజీకి పోయే పిల్లలెవరైనా చేసిపెట్టగలరు, కానీ చట్టం మాటలను ముసాయిదా నుంచి ఉన్నదున్నట్టు ఎత్తిరాయమనండి. కేంద్ర చట్టాలకు, నియమాలకు ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం. తెలుగు అనువాదంలో క్లాజు నంబర్లు, "చేయవచ్చు", "చేయాలి" తేడాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంగ్లీషుతో పోల్చి చూసుకోండి.

పంపేటప్పుడు ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండూ చేయండి. కేంద్ర శాఖ అయితే న్యూఢిల్లీ జోర్‌బాగ్ రోడ్డులోని ఇందిరా పర్యావరణ్ భవన్, రాష్ట్రానిదైతే వెలగపూడి సచివాలయంలో పర్యావరణ, అటవీ, శాస్త్ర సాంకేతిక శాఖ. అయినా ముసాయిదాలో రాసిన హోదా, చిరునామానే వాడండి. ఈమెయిల్ సబ్జెక్టులో ముసాయిదా నంబరు, తేదీ ఉండాలి. మీ పత్రాన్ని ఒకే పీడీఎఫ్‌గా చేయండి. పదిహేను ఫొటోలు విడివిడిగా తగిలిస్తే సైజు దాటి మెయిల్ వెనక్కొస్తుంది, వెనక్కొచ్చిన సంగతి మనం చూసుకోం. చివరి రోజు కోసం ఆగకండి. చివరి రెండు మూడు రోజుల్లో మెయిల్‌బాక్సు నిండిపోయిందని తిరిగొచ్చే మెయిళ్లు కొత్తేమీ కాదు. తిరిగొస్తే ఆ సందేశాన్ని దాచుకోండి, పోస్టు రసీదుతో కలిపి గడువులోపే పంపినట్టు అదే రుజువు.

పంపాక పని సగమే అయింది. గడువు ముగిసిన నెలకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. అడగాల్సినవి సూటిగా: మొత్తం ఎన్ని అభిప్రాయాలు వచ్చాయి, మా పత్రం డైరీ నంబరేమిటి, క్లాజుల వారీ పట్టిక నకలు, మా సూచనపై ఫైలులో రాసిన నోటు. "ఎందుకు పట్టించుకోలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పికొడతారు. జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని ఆ చట్టం 4(1)(సి) చెబుతోంది, దరఖాస్తులో దాన్ని ఉటంకించండి. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. బిల్లు సభలో నడుస్తుంటే క్యాబినెట్ పత్రాలని, సభా హక్కులని కొన్ని ఇవ్వకపోవచ్చు. చట్టమయ్యాక మళ్లీ అడగండి.

చట్టం మీద మీ సూచన పడిపోయినా ఆ పత్రాన్ని పారేయకండి. 2023 సవరణ తర్వాత కేంద్ర నియమాలు 2024 అక్టోబరులో వచ్చాయి, లాభాల పంపిణీ నిబంధనలు 2025 ఏప్రిల్‌లో. కమిటీ కూర్పులాంటివి రాష్ట్రం రాయాల్సిన నియమాల్లోకి వెళ్లాయి. చట్టంలో చోటు దొరకని 45 రోజుల గడువు, తెలుగు నోటీసు, ధ్రువపత్రంలో సర్వే నంబరు లాంటివి నియమాల్లో పెట్టించడం తేలిక, దానికి సభ ఆమోదం ముందుగా అక్కర్లేదు. అందుకే అభ్యంతరాల పత్రంలో ప్రతి సూచన కింద "చట్టంలో కుదరకపోతే ఫలానా విభాగం కింద నియమాల్లో చేర్చాలి" అని ఒక వాక్యం మొదటే రాసిపెట్టండి. గెజిట్ వెబ్‌సైటును వారానికోసారి చూసే పని కమిటీలో ఒకరికి అప్పగించండి, ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును అడిగితే తీసి చూపిస్తారు.